క్రిస్టల్ పేలిపోతే బొమ్మ ఎక్కణ్ణుంచి వస్తుంది?

బాబూ, నువ్వు అడిగింది ఇదీ: ఎక్స్‌రే లేజర్ పల్స్ తగిలిన ప్రొటీన్ క్రిస్టల్ ఆవిరైపోతుందని క్లాసులో చెప్పారు, మరి ఆవిరైపోయినదాని నిర్మాణం ఎలా తెలుస్తుంది? ఒక్కో క్రిస్టల్ ఒక్క బొమ్మే ఇచ్చి పోతే అవన్నీ ఎలా కలుపుతారు? ప్రొటీన్ ఆకారాన్ని కంప్యూటర్ మీదే ఊహించి చెప్పే ఆల్ఫాఫోల్డ్ వచ్చాక కూడా ఈ తంటా ఎందుకు? చివరగా, గాజువాక నుంచి రోజూ బస్సెక్కి ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీకి వచ్చే నీలాంటివాడు ఈ పనిలోకి రావచ్చా? నేను పదిహేనేళ్లకు పైగా క్రిస్టల్స్ పెంచడం, వాటిని ఎక్స్‌రేలకు బలివ్వడం మీదే బతుకుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను. టీ పెట్టుకుని కూర్చో.

ముందు పాత పద్ధతిలో ఉన్న చిక్కు తెలియాలి. మామూలు సింక్రోట్రాన్‌లో, అంటే ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పి ఎక్స్‌రేలు పుట్టించే యంత్రంలో, క్రిస్టల్‌ని ఎక్స్‌రేల ముందు పెట్టి కొంచెం కొంచెంగా తిప్పుతూ వందల బొమ్మలు తీస్తాం. బొమ్మంటే ఫొటో కాదు, వరసగా పేర్చి ఉన్న అణువుల మీంచి చెదిరిన ఎక్స్‌రేలు పడేసే మచ్చల అమరిక. దీన్నే డిఫ్రాక్షన్ అంటారు, ఆ మచ్చల నుంచే నిర్మాణం లెక్కగడతాం. తీస్తున్నంతసేపూ ఆ ఎక్స్‌రేలే దాన్ని పాడుచేస్తుంటాయి. డైసల్ఫైడ్ బంధాలు తెగుతాయి, కార్బాక్సిల్ గుంపులు ఊడిపోతాయి, లోహం ఉన్నచోట దాని ఛార్జే మారిపోతుంది. అందుకే ద్రవ నైట్రోజన్‌తో 100 కెల్విన్ దగ్గర గడ్డకట్టిస్తాం. అలా గడ్డకట్టించినా ఎక్స్‌రేల మోతాదు 30 మెగాగ్రేలు దాటితే ఇక ఆ డేటాను నమ్మలేం. గది ఉష్ణోగ్రతలో అయితే ఆ హద్దు ఎన్నో రెట్లు తక్కువ. క్రిస్టల్ పెద్దదైతే దెబ్బ అన్ని అణువులకూ పంచబడుతుంది కాబట్టి కాసేపు నిలబడుతుంది. చిన్నదైతే సమాచారం ఇచ్చేలోపే చచ్చిపోతుంది. మనకు ముఖ్యమైన ప్రొటీన్లలో చాలావరకు, ముఖ్యంగా కణత్వచంలో కూరుకుపోయి ఉండేవి, పెద్ద క్రిస్టల్స్ ఇవ్వవు. ఆరునెలలు కష్టపడితే మైక్రోస్కోపులో ఇసకలా ఏదో మెరుస్తుంది. పాతకాలంలో ఆ ఇసకను పారబోసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఎంత పారబోశామో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. తుపాను రాత్రి కరెంటు పోయినప్పుడు కిటికీలోంచి చూశావా? గాలికి ఊగిపోతున్న కొబ్బరి మట్టలు మెరుపు మెరిసిన క్షణంలో కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. ఇప్పుడు ఆ మెరుపు పిడుగై ఆ చెట్టు మీదే పడిందనుకో. చెట్టు కాలిపోతుంది. కానీ కాలిపోకముందు అది ఎలా ఉందో అదే పిడుగు వెలుగులో నీకు కనపడింది. ఎక్స్‌రే లేజర్ చేసేది సరిగ్గా ఇదే. చంపేదీ అదే, చూపించేదీ అదే. చూపించడం ముందు అయిపోతుంది.

ఎంత ముందు? ఫెమ్టోసెకను అంటే సెకనులో కోటి కోట్ల వంతు, దాన్ని మళ్లీ పది భాగాలు చెయ్యి. నోటితో చెప్తే బుర్రకు ఎక్కదు, కాబట్టి దూరంలో చూడు. ఒక ఫెమ్టోసెకనులో కాంతి వెళ్లేది 0.3 మైక్రాన్లు. పల్స్ నిడివి 40 ఫెమ్టోసెకన్లయితే, ఆ కాంతి మొత్తం 12 మైక్రాన్ల మందం ఉన్న పలక. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుకలో ఐదోవంతు మందం కూడా లేని కాంతి పలక, అందులో లక్ష కోట్ల లెక్కన ఫోటాన్లు కుక్కుకుని, క్రిస్టల్‌ని దాటేసి వెళ్లిపోతుంది. క్రిస్టల్‌లో ఉన్న పరమాణువులకు బరువుంది. ఎంత గట్టిగా తోసినా కదలడానికి వాటికి కొంత సమయం కావాలి. ఆ సమయమే మనకు దక్కిన లాభం.

లోపల జరిగేది ఇదీ: ఎక్స్‌రే ఫోటాన్ పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ని తన్నేస్తుంది. ఆ ఖాళీలోకి పైనుంచి ఇంకో ఎలక్ట్రాన్ దూకుతుంది, ఆ దూకుడులో మరొకటి బయటికి పోతుంది. ఎలక్ట్రాన్లు పోయేకొద్దీ మిగిలినవన్నీ ధనావేశాలే, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అంతా పేలిపోతుంది. దీన్ని కూలంబ్ విస్ఫోటం అంటారు. స్వీడన్‌లోని ఉప్సాలాలో న్యూట్జే, హైడు బృందం 2000లోనే కంప్యూటర్ మీద లైసోజైమ్ అనే చిన్న ప్రొటీన్ అణువును ఇలా పేల్చి చూసింది. పల్స్ తగినంత పొట్టిదైతే పేలుడుకు ముందే పనికొచ్చే డిఫ్రాక్షన్ వస్తుందని తేల్చింది. అప్పటికి అలాంటి లేజర్ భూమ్మీద ఎక్కడా లేదు! కాగితం మీది లెక్కే.

ఇంకో సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పల్స్ కాస్త పొడుగై, దాని తోక వచ్చేసరికి పరమాణువులు చెదిరిపోవడం మొదలైందనుకో. బొమ్మ పాడవుతుందని భయపడతాం. అంత పాడవదు. డిఫ్రాక్షన్ మచ్చలు (బ్రాగ్ మచ్చలంటారు) రావాలంటే అణువులన్నీ వరసలో ఉండాలి కదా. వరస చెదిరిన క్షణం నుంచి మచ్చలు పెరగడం ఆగిపోతుంది, తర్వాత వచ్చే కాంతి ఉత్త మసకగా వెనకాల పరుచుకుంటుంది. అంటే క్రిస్టల్ తనంతట తానే షట్టర్ మూసేస్తుంది. 2012లో దీన్ని ప్రయోగంతో చూపించారు. అయితే ఇది అన్నిచోట్లా ఒకేలా పనిచెయ్యదు. ఇనుము, మాంగనీసు లాంటి బరువైన పరమాణువుల చుట్టూ దెబ్బ ముందే మొదలవుతుంది కాబట్టి అలాంటి ప్రొటీన్లకు పల్స్ ఇంకా పొట్టిగా ఉండాలి.

యంత్రం గురించి ఎక్కువ చెప్పను, అది భౌతికశాస్త్రం వాళ్ల సొత్తు. ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగానికి తోలి, ఉత్తర దక్షిణ ధ్రువాలు మార్చి మార్చి పేర్చిన అయస్కాంతాల వరస మధ్యలోంచి పంపిస్తారు. అవి పాములా వంకర్లు తిరుగుతూ ఎక్స్‌రేలు విడుస్తాయి. తాము విడిచిన ఎక్స్‌రేలే వాటిని సన్నటి జట్లుగా విడదీస్తాయి, జట్లన్నీ ఒకే లయలో వెలుగు విడుస్తాయి. మొదటిది కాలిఫోర్నియాలోని స్లాక్ పరిశోధన కేంద్రంలో 2009 ఏప్రిల్‌లో వెలిగింది, 1960ల్లో కట్టిన 3 కిలోమీటర్ల యాక్సిలరేటర్‌లో చివరి మూడోవంతును వాడుకుని. తర్వాత జపాన్‌లో సాక్లా, కొరియాలో పొహాంగ్, స్విట్జర్లాండ్, 2017లో హాంబర్గ్ దగ్గర యూరోపియన్ ఎక్స్‌ఫెల్. ఆఖరుదాని పొడవు 3.4 కిలోమీటర్లు, పొద్దున్నే కోస్టల్ బ్యాటరీ నుంచి వుడా పార్కు వైపు జనం వాకింగ్ చేసే దూరంలాంటిది, కాకపోతే సొరంగంలో.

మొదటి ప్రొటీన్ ఫలితం 2011లో వచ్చింది. చాప్‌మన్, ఫ్రొమ్మె, స్పెన్స్ బృందాలు కలిసి కిరణజన్య సంయోగక్రియలో పనిచేసే ఫోటోసిస్టమ్ వన్ అనే భారీ ప్రొటీన్ సముదాయాన్ని ఎంచుకున్నాయి. దాని క్రిస్టల్స్ 200 నానోమీటర్ల నుంచి 2 మైక్రాన్ల లోపువి. 30 లక్షలకు పైగా బొమ్మలు తీశారు. నిర్మాణానికి అక్కరకొచ్చినవి 15 వేల చిల్లర. వచ్చిన స్పష్టత 8.5 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు, ఈ అంకె తగ్గేకొద్దీ బొమ్మ తేటపడుతుంది). అంటే ప్రొటీన్‌లో స్ప్రింగులా మెలితిరిగిన హెలిక్స్‌లు గొట్టాల్లా కనపడతాయంతే, పక్కగొలుసులు కనపడవు. ఆ పేపరు చదివి మా గురువుగారు చశ్మా తీసి టేబుల్ మీద పెట్టి, "ఇంత ఖర్చుకి ఇంత మసకా?" అన్నారు. మరుసటి ఏడాదే లైసోజైమ్‌ని 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా తీసుకెళ్లారు. ఆయన మళ్లీ ఏమీ అనలేదు.

రెండో ప్రశ్న, అతకడం. ఇది నువ్వనుకున్నదాని కంటే కష్టం. క్రిస్టల్ ఎటు తిరిగి వచ్చిందో తెలియదు. అది తిరిగే సమయం లేదు కాబట్టి ఒక్కో మచ్చ పూర్తిగా పడదు, దానిలో ఒక చీలికే పడుతుంది. ఒక క్రిస్టల్ పెద్దది, ఒకటి చిన్నది. పల్స్ బలం కూడా ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. పుచ్చకాయ ఎంతుందో చూడనివ్వకుండా, ఎక్కడ పడితే అక్కడ కోసిన ఒక్క ముక్క చేతిలో పెట్టి కాయ బరువు చెప్పమన్నట్టు ఉంటుంది. ఒక ముక్కతో చెప్పలేవు. అలాంటి కాయల నుంచి వెయ్యి ముక్కలు ఇస్తే, నడిమి ముక్కలూ చివరి ముక్కలూ అన్నీ కలిసి సగటున నిజానికి దగ్గరగా తీసుకొస్తాయి. మొదట్లో చేసింది అదే: ప్రతి బొమ్మలోనూ మచ్చల అమరికను బట్టి క్రిస్టల్ ఏ దిశలో ఉందో లెక్కకట్టడం, ఒకే మచ్చకు వచ్చిన వందల కొలతలన్నీ సగటు చెయ్యడం. తర్వాత ఏ చీలిక మచ్చలో ఎంత భాగమో లెక్కగట్టే పద్ధతులు వచ్చి, కావలసిన బొమ్మల సంఖ్య లక్షల నుంచి వేలల్లోకి దిగింది. క్రిస్ట్‌ఫెల్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పనంతా చేస్తుంది, ఉచితం, నీ ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది.

ఇక నువ్వు అడగనిది, నేను చెప్పి తీరాల్సింది. ఈ ప్రయోగం నిలిచేదీ పడేదీ లేజర్ దగ్గర కాదు, క్రిస్టల్స్‌ని పల్స్ దారిలోకి చిమ్మే నాజిల్ దగ్గర. పల్స్‌లు సెకనుకు 120 వస్తుంటే ప్రతి పల్స్‌కీ ఒక కొత్త క్రిస్టల్ దారిలో ఉండాలి. అందుకని క్రిస్టల్స్ కలిసిన ద్రవాన్ని వెంట్రుక కంటే సన్నని కన్నంలోంచి పంపి, చుట్టూ హీలియం వాయువు తోసి, నాలుగైదు మైక్రాన్ల ధారగా సాగదీస్తారు. ఆ ధార సెకనుకు 10 మీటర్లు పోతుందనుకో. రెండు పల్స్‌ల మధ్య 8 సెంటీమీటర్ల ధార వెళ్లిపోతుంది, అందులో పల్స్ చూసేది నాలుగు మైక్రాన్ల ముక్క. లెక్క వేస్తే ఇరవై వేలలో ఒక వంతు. మిగతా ప్రొటీన్ అంతా తొట్టిలోకి. ఫిషింగ్ హార్బర్‌లో వలకు చిక్కని చేప తిరిగి సముద్రంలోకన్నా పోతుంది, ఇది అక్కడికి కూడా పోదు.

మొదటిసారి నేను బీమ్‌టైమ్‌కి, అంటే లేజర్ వాడుకోవడానికి మనకిచ్చే సమయానికి, వెళ్లినప్పుడు మాకు దొరికింది ఒక్కటే పన్నెండు గంటల షిఫ్టు, రాత్రిపూట. ఏడాదిన్నర పెంచిన క్రిస్టల్స్. సిరంజిలో పెడితే అడుక్కి దిగిపోతాయని సిరంజినే మెల్లగా తిప్పే మోటారుకు బిగించాం. మొదటి గంట బాగానే నడిచింది. రెండో గంటలో తెర మీద ధార వంకరపోయింది. కెమెరా దగ్గరికి జరిపి చూస్తే నాజిల్ మూతి దగ్గర తెల్లటి గడ్డం మొలిచి ఉంది, మా బఫర్‌లోని, అంటే క్రిస్టల్స్ ఉన్న ద్రావణంలోని, ఉప్పు. నాజిల్ ఉండేది గాలి తోడేసిన ఛాంబర్‌లో. ఆ శూన్యంలో నీళ్లు ఆవిరైపోతుంటే ఉప్పు పేరుకుంటూ పోయింది. కింద తొట్టి నుంచి మంచు కూడా పుట్టలా పైకి లేస్తోంది. నాజిల్ మార్చాలంటే ఛాంబర్ తెరవాలి, మళ్లీ గాలి తోడాలి, మళ్లీ ధారను పల్స్ దారికి తేవాలి. ఆ రాత్రి నాలుగుసార్లు మార్చాం. మిగిలిన సమయంలో వచ్చిన బొమ్మలు నిర్మాణానికి చాలలేదు. తప్పు మాదే. ఇక్కడ బఫర్ పరీక్షించిన నేను, అది శూన్యంలో ఏం చేస్తుందో పరీక్షించలేదు. లక్షల కోట్ల ఫోటాన్లు అంత దూరం వచ్చి ఖాళీ హీలియంలోంచి పోతూ ఉంటే కూర్చుని చూడటం ఎలా ఉంటుందో నీకు రాసి చెప్పలేను.

ఈ దుబారా తగ్గించినది కొవ్వుతో చేసిన చిక్కటి ముద్ద, లిపిడిక్ క్యూబిక్ ఫేజ్ అంటారు. త్వచ ప్రొటీన్ల క్రిస్టల్స్ అందులోనే పెరుగుతాయి. దాన్ని ధారగా చిమ్మరు, జంతికల గొట్టంలోంచి పిండి ఒత్తినట్టు సన్నగా, నిదానంగా బయటికి నెడతారు. ఒక మిల్లీగ్రాము లోపు ప్రొటీన్‌తోనే పని అయిపోతుంది. 2015లో కంట్లో వెలుగును పట్టే రొడాప్సిన్, దాని పని ఆపే అరెస్టిన్, ఈ రెండు ప్రొటీన్లూ కలిసి ఉన్న నిర్మాణం ఇలాంటి జంతికల పద్ధతిలోనే వచ్చింది. మనం వేసుకునే మందుల్లో బోలెడన్ని పనిచేసేది రొడాప్సిన్ కుటుంబపు ప్రొటీన్ల మీదే కాబట్టి అది చిన్న విషయం కాదు.

ఆల్ఫాఫోల్డ్ సంగతికొస్తాను. నువ్వు సూటిగా అడిగావు, నేనూ సూటిగానే చెప్తాను: ఒక ప్రొటీన్ ఎలా మడత పడి ఉంటుందో తెలిస్తే చాలు అనుకుంటే, చాలాసార్లు ఎక్స్‌రే లేజర్ అక్కర్లేదు. సింక్రోట్రాన్ ఉంది, గడ్డకట్టించిన అణువులను ఎలక్ట్రాన్లతో చూసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది, 2024 నోబెల్ తెచ్చుకున్న ఆల్ఫాఫోల్డ్ ఉంది. పైగా అది మాకు శత్రువు కాదు. డిఫ్రాక్షన్ మచ్చల్లో ఫేజ్ సమాచారం, అంటే ఒక్కో తరంగం ఎంత ముందుకో వెనక్కో జరిగి వచ్చిందన్నది, పోతుందని చదివావుగా? ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ ఇచ్చిన నమూనాను మొదటి ఊహగా పెట్టి ఆ ఫేజ్‌లు రాబడుతున్నాం. ఒకప్పుడు దీనికి బరువు పరమాణువులు నానబెట్టి నెలలు పోగొట్టేవాళ్లం.

కానీ ఆల్ఫాఫోల్డ్ ఇచ్చేది నిలబడ్డ ఫొటో. ఎంజైము బతికేది కదలికలో. లేజర్ సొంతంగా చేసేది అక్కడ. ఫోటోయాక్టివ్ యెల్లో ప్రొటీన్ అని ఒక బాక్టీరియా ప్రొటీన్ ఉంది, నీలం కాంతి పడితే దానిలోని రంగు అణువు మలుపు తిరుగుతుంది. ముందు కాంతి పల్స్ కొట్టి, ఇంత ఆగి ఎక్స్‌రే పల్స్ కొట్టి, ఆగే సమయాన్ని మార్చుకుంటూ పోయారు. ఆ మలుపు ఒక పికోసెకను (వెయ్యి ఫెమ్టోసెకన్లు) లోపే జరిగిపోవడాన్ని 2016లో పరమాణువుల స్థాయిలో చూశారు.

మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటుంది. ఆసుపత్రిలో చేరినవాళ్లకు రాసే యాంటీబయాటిక్, సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ తెలియని ఇల్లు ఉండదు కదా. క్షయ బాక్టీరియా దగ్గర బీటా లాక్టమేజ్ అనే ఎంజైము ఉంది, ఇలాంటి మందుల అణువులో ఉండే వలయాన్ని విరగ్గొట్టి పారేస్తుంది. 2018లో వచ్చిన పనిలో ఆ ఎంజైము చిన్న క్రిస్టల్స్‌ని సెఫ్ట్రియాక్సోన్ ద్రావణంతో నాజిల్‌కు కాస్త ముందు కలిపి, 30 మిల్లీసెకన్ల నుంచి 2 సెకన్ల దాకా వేర్వేరు క్షణాల్లో బొమ్మలు తీశారు. మందు వచ్చి ఎంజైములో కూర్చోవడం, వలయం తెగడం, అన్నీ వరసగా కనపడతాయి. ఇక్కడ క్రిస్టల్ చిన్నదిగా ఉండటమే వరం. పెద్ద క్రిస్టల్ అయితే మందు లోపలిదాకా ఇంకేసరికే పైపొరలో కథ అయిపోతుంది. మైక్రాన్ల క్రిస్టల్‌లో మిల్లీసెకన్లలో ఇంకిపోతుంది. మేం పారబోసిన ఇసకకి ఇంత విలువ!

చివరి ప్రశ్న. మన దేశంలో ఈ పనికి కావలసిన కఠిన ఎక్స్‌రేల (ఎక్కువ శక్తి ఉన్నవి) లేజర్ లేదు. ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది, అందులో ప్రొటీన్ క్రిస్టల్స్‌కి బీమ్‌లైన్ ఉంది. ఇటలీలో ఎలెట్రా, హాంబర్గ్‌లో పెట్రా-త్రీ దగ్గర ఒప్పందాల మీద మనవాళ్లు వెళ్లి పనిచేశారు. బయటి లేజర్లలో బీమ్‌టైమ్‌కి డబ్బు కట్టక్కర్లేదు, ఫలితాలు అచ్చువేస్తామంటే చాలు, కానీ ప్రతిపాదన పోటీలో గెలవాలి. అక్కడ గెలిచేది ఖరీదైన పరికరం ఉన్నవాడు కాదు, ఒకే సైజు క్రిస్టల్స్ చెప్పినన్ని సార్లు పెంచి చూపగలిగినవాడు. ఆ విద్య వైజాగ్‌లో నేర్చుకోవచ్చు.

నేర్చుకోవాల్సింది లైసోజైమ్‌తోనే. కోడిగుడ్డు తెల్లసొన నుంచి తీసిన పొడి, చవక. సోడియం ఎసిటేట్ బఫర్, ఉప్పు, అంతే. ఉప్పు తక్కువేస్తే నాలుగు పెద్ద క్రిస్టల్స్ వస్తాయి. ఉప్పు పెంచి చల్లబెడితే ఒక్కసారిగా లక్షల చిన్నవి పుడతాయి. నీకు కావలసినది రెండోది. సైజు ఎలా మారుతుందో ఉష్ణోగ్రత ఒక్కో మెట్టూ మారుస్తూ నోటుపుస్తకంలో రాసుకో. ఊరికే చెప్పట్లేదు: ఒక మే నెలలో ట్రేలు పెట్టి ఇంటికెళ్లాను, రాత్రి ఎవరో ఏసీ ఆపేశారు, పొద్దున వచ్చేసరికి బొట్లన్నీ తేటగా ఉన్నాయి. లైసోజైమ్ వేడికి మళ్లీ కరుగుతుంది. ఇక 2014 అక్టోబర్ హుద్‌హుద్‌కి రోజుల తరబడి కరెంటు లేక ఫ్రీజర్‌లో దాచిన ప్రొటీన్ అంతా పోయింది. అప్పటినుంచి ప్రతి నమూనాలో సగం వేరే ఊళ్లో ఉంచుతాను. నువ్వూ ఇప్పట్నుంచే అలవాటు చేసుకో. దాంతోపాటు లైనక్స్, పైథాన్ కొంచెం, క్రిస్ట్‌ఫెల్‌తో ఇంటర్నెట్‌లో అందరికీ ఉంచిన డేటా మీద సాధన. మచ్చలు చూసి మంచి బొమ్మ, చెత్త బొమ్మ కంటితో చెప్పగలగాలి. ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో మలుపు తిరగగలదో చూపిస్తూ రామచంద్రన్ మద్రాసులో 1963లో అచ్చువేసిన పటం చదవడం రాకపోతే మాత్రం ఈ వైపు రావద్దు, ఏ యంత్రంతో తీసిన నిర్మాణాన్నైనా నేటికీ దానితో సరిచూస్తారు.

ఒక్క జాగ్రత్త. మా దగ్గర చేరిన ప్రతి విద్యార్థీ మొదటి వారంలోనే "మేడమ్, క్రిస్టల్స్!" అని పరుగెత్తుకొస్తాడు. మా ల్యాబ్ అటెండరు గారు, శ్రీకాకుళం మనిషి, మైక్రోస్కోపులోకి తొంగిచూసి, "ఏటి బాబూ, ఇది ఉప్పే గదేటి" అంటారు. చాలాసార్లు ఆయనదే పైచెయ్యి. తేల్చుకునే ఉపాయం ఉంది: మైక్రోస్కోపుకు రెండు పోలరైజర్లు అడ్డంగా పెట్టి స్లైడు తిప్పు. తినే ఉప్పు క్రిస్టల్ ఘనాకారం కాబట్టి ఎటు తిప్పినా చీకటిగానే ఉంటుంది. చతుష్కోణపు లైసోజైమ్ ఒక కోణంలో మసగ్గా వెలిగి, ఇంకో కోణంలో ఆరిపోతుంది. వెలిగి ఆరినదాన్ని ఫొటో తీసి, పక్కన మైక్రాన్ల స్కేలు పెట్టి పంపు, సైజు సరిపోతుందో లేదో చెప్తాను.